తారు రోడ్డుకు ఎండ లెక్క కట్టే ఇంజినీర్లు కావాలి

మే నెలలో రామగుండంలో వరుసగా ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 45 డిగ్రీలు ఉందనుకుందాం. తారు రోడ్డులో 20 మిల్లీమీటర్ల లోతున వేడి ఎంతుంటుంది? అమెరికాలో 1987 నుంచి 1993 వరకు సాగిన పరిశోధన ఇచ్చిన సూపర్‌పేవ్ సూత్రంలో ఆ సగటునూ, ఊరి అక్షాంశాన్నీ వేస్తే సుమారు 67.5 డిగ్రీలు వస్తుంది. అంత వేడికి బిటుమిన్ (తారు) మెత్తబడి, లోడు లారీలు నడిచే చోట రోడ్డు కుంగి చాళ్లు పడతాయి.

సివిల్ విద్యార్థులు ఈ లెక్కను పరీక్ష కోసం చదివి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. మన దేశపు బిటుమిన్ ప్రమాణం ఐఎస్ 73 (2013) ప్రకారం ఈ ఏడు రోజుల సగటు 38–45 డిగ్రీల మధ్య ఉంటే వీజీ-30, 45 దాటితే వీజీ-40 గ్రేడు బిటుమిన్ వాడాలి. ట్రాఫిక్ కూడా చూస్తారు గానీ, సరిహద్దులో ఉన్న ఊరికి ఒక్క డిగ్రీ తేడాతో గ్రేడు మారిపోవచ్చు. అందుకే ఏ స్టేషన్ డేటా, ఎన్నేళ్లది అని అడగడం నేర్చుకోవాలి.

ఫైనలియర్ ప్రాజెక్టుగా మీ జిల్లానే తీసుకోండి. పుణెలోని వాతావరణ శాఖ కార్యాలయం 1951 నుంచి రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతల గ్రిడ్ డేటాను ఉచితంగా ఇస్తోంది. పైథాన్‌తో ఏటా అత్యధికంగా ఉన్న ఏడు రోజుల సగటు తీయండి. ఈ గ్రిడ్‌లో ఒక్కో గడి అక్షాంశ, రేఖాంశాల్లో ఒక డిగ్రీ, అంటే దాదాపు 110 కిలోమీటర్లు. సముద్ర తీరమూ లోపలి మెట్ట ప్రాంతమూ ఒకే గడిలో పడొచ్చు. కాబట్టి దగ్గరి స్టేషన్ రికార్డుతో పోల్చకుండా ఏ అంకెనూ నమ్మొద్దు. పాత ముప్పై ఏళ్లనూ ఇటీవలి ముప్పై ఏళ్లనూ విడివిడిగా లెక్కిస్తే, మీ జిల్లాలో గ్రేడు మారాల్సి వస్తుందో లేదో మీకే తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ:37తో వచ్చే ఐఐటీపేవ్ సాఫ్ట్‌వేర్‌లో రోడ్డు మందాన్నీ సరిచూడండి.

ఆపై గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీ వంటి చోట ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేస్తే పునాది గట్టిపడుతుంది. పరిశోధన ఇష్టమైతే ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ (సీఆర్‌ఆర్‌ఐ) వైపు చూడండి. ఉద్యోగ ప్రకటనల్లో ‘క్లైమేట్’ అన్న మాట దాదాపు కనిపించదు. కాబట్టి ‘పేవ్‌మెంట్ ఇంజినీర్’, ‘హైవే డిజైన్ ఇంజినీర్’ అని వెతకండి. రెజ్యూమె మొదటి పేజీలోనే ఈ ప్రాజెక్టును, మీరు గీసిన గ్రాఫుతో సహా పెట్టండి.