పరదేశంలో ఉన్నవారిపై ఇంటి హక్కు

కోడూరులో ఒక జుమా నమాజు తర్వాత ఓ పెద్దాయన నన్ను ఆపి ఇలా అడిగారు: "మౌల్వీ సాబ్! మా అల్లుడు కువైట్ వెళ్ళి మూడేళ్ళు దాటింది. నెలనెలా డబ్బు పంపుతున్నాడు. మా అమ్మాయి మాత్రం 'డబ్బు సరే, మనిషి ఎప్పుడొస్తాడు?' అంటోంది. అలా అడగడం తప్పా?"

తప్పు కాదు. అది ఆమె హక్కు.

ప్రియ సోదరులారా! ఉపాధి కోసం పరదేశం వెళ్ళడం ధర్మసమ్మతమే. అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషిస్తూ భూమిలో ప్రయాణించేవారిని దివ్య ఖుర్ఆన్ (ముజమ్మిల్ సూరా, 20వ ఆయతు) తన మార్గంలో పోరాడేవారితో పాటే ప్రస్తావించింది. కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్ వర్తకులు మన బందరుకు వచ్చి స్థిరపడ్డారు. నేడు మన యువకులు గల్ఫ్‌కు వెళుతున్నారు. వెళ్ళడంలో దోషం లేదు. ఇంట్లో ఎవరి హక్కు మిగిలి ఉందో మరచిపోవడంలోనే దోషం ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతుండగా, భర్త సైన్యంలో ఉన్న ఒక స్త్రీ తన ఒంటరితనాన్ని వెళ్ళబోసుకోవడం విన్నారు. భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, ఆ మేరకు సైనికులకు గడువు నిర్ణయించారు. ఆ గడువు కొన్ని ఉల్లేఖనాల్లో నాలుగు నెలలు, మరికొన్నింటిలో ఆరు నెలలు. భార్య మనస్ఫూర్తిగా అంగీకరిస్తే అంతకన్నా ఎక్కువ కాలం ఉండవచ్చని ఉలమాలు వివరించారు.

ఆలోచించండి! దైవమార్గంలో ఉన్న సైనికునికే గడువు ఉంటే, జీతం కోసం వెళ్ళినవానికి ఉండదా?

ఆచరణలో మూడు విషయాలు

1. ప్రయాణానికి ముందే భార్యతో, తల్లిదండ్రులతో కూర్చుని తిరిగివచ్చే గడువు నిర్ణయించుకోండి. బలవంతంగా రాబట్టిన ఒప్పుదల ఒప్పుదల కాదు.

2. తిరిగివచ్చే దారిని మూసేసేది అప్పు, తప్పుడు వీసా. మన దేశ నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మించరాదు. లక్షలు అడిగేవాడిని నమ్మి వడ్డీకి అప్పు చేయకండి. వడ్డీ హరామ్. పదో తరగతి పాసు కానివారు గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే 1983 చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. విజిట్ వీసాపై పనికి వెళితే ఆ రక్షణ ఉండదు.

3. భార్య పోషణ ఖర్చు ఆమె చేతికే అందేలా చూడండి. ఫోనులో డబ్బు లెక్కలే కాదు, ఆమె మాట, పిల్లల మాట కూడా వినండి.

ప్రయాణం కష్టంలో ఒక భాగమనీ, పని పూర్తికాగానే త్వరగా ఇంటివారి వద్దకు చేరుకోవాలనీ మహాప్రవక్త (స) ఉపదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఆ పెద్దాయనతో ఒకే మాట చెప్పాను: "ఈసారి అల్లుడు ఫోన్ చేస్తే డబ్బు సంగతి కాదు, వచ్చే తేదీ అడగండి."

పరదేశంలో ఉన్న మన బిడ్డలను అల్లాహ్ క్షేమంగా ఇంటికి చేర్చుగాక! ఆమీన్.