పాత కేసు కట్టలు తూకానికి వేయొచ్చా?

ప్రశ్న: మా మామగారు కోవూరు కోర్టులో చాలా ఏళ్లు ప్రాక్టీసు చేసి కాలం చేశారు. నేనూ అడ్వకేటునే. కొడవలూరులోని ఆయన ఆఫీసు గదిలో అటక నిండా పాత కట్టలున్నాయి. ఓనరు గది ఖాళీ చేయమంటున్నాడు. పాత పేపర్లాయన తూకానికి తీసుకుంటానంటున్నాడు. ఎన్నేళ్లు దాటినవి ఇచ్చేయొచ్చు?
- ఒక న్యాయవాది, కొడవలూరు

జవాబు: ఒక్క కట్ట కూడా తూకానికి వేయకమ్మా. మనోవర్తి కేసులో ఒక ఆడకూతురు మీ మామగారికి చెప్పుకున్న గోడు, రేపు మిరపకాయ బజ్జీల కింద నూనె కాగితమై ఎవరి చేతికో వస్తుంది. పార్టీ చెప్పిన మాట వకీలు బయటపెట్టకూడదని పాత సాక్ష్య చట్టం 126వ సెక్షనూ చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షనూ చెబుతోంది. కేసు ముగిసినా ఆ బాధ్యత తీరదు.

ఎన్నేళ్లంటే అన్నిటికీ ఒకే లెక్క లేదు. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువుంది. శాశ్వత ఇంజంక్షన్‌కు ఆ గడువూ లేదు. మైనరు ఆస్తిని గార్డియన్ అమ్మిన తగాదా అయితే, ఆ బిడ్డ మేజరయ్యాక మరో 3 ఏళ్లు దావాకు వీలుంటుంది. కట్ట మీది సంవత్సరం కాదు, లోపలి కేసు చూడాలి.

అందుకని ప్రతి కట్టా విప్పు. ఒరిజినల్ దస్తావేజులు, పాసు పుస్తకాలు, వీలునామాలు ఒక పక్కన పెట్టు. వాటికి కాలదోషం లేదు. సరైన చోటు నుంచి వచ్చిన 30 ఏళ్ల నాటి దస్తావేజైతే, అందులోని సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. అలాంటి కాగితం పాత పేపర్ల కొట్లో దొరికితే దానికి ఆ విలువ ఉంటుందా? పార్టీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి పిలిపించి, సంతకం తీసుకుని చేతికివ్వు. పార్టీ పోయి వారసులు కొట్లాడుకుంటుంటే మాత్రం ఒక్కరికే ఇవ్వొద్దు; అందరి సంతకాలో, కోర్టు ఆర్డరో ఉండాలి.

ప్లెయింటు, జవాబుదావా, డిపాజిషన్లు, జడ్జిమెంటు కాపీలు గడువు తీరేదాకా ఉంచు. మిగతా చిత్తు కాగితాలు, జిరాక్సులు దగ్గరుండి ముక్కలు చేయించు. ఏ కేసు కాగితం ఎవరికిచ్చావో, ఏది ఎప్పుడు చింపావో రిజిస్టరులో రాయి.

అసలు ఈ అటకల జబ్బు మన వకీళ్లదే. కేసు తేలిన నాడే ఒరిజినల్స్ తిరిగివ్వకుండా, పార్టీ మళ్లీ మన గడపే తొక్కుతాడని అట్టిపెట్టుకుంటాం. 2021 నవంబరు పెన్న వరదలో కోవూరు, పడుగుపాడు నీట మునిగాయి. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులోనే దొంగలు పడి ఒక కేసు ఆధారాల సంచి ఎత్తుకెళ్లారు. ఆ దర్యాప్తును హైకోర్టు అదే ఏడాది నవంబరులో సీబీఐకి అప్పగించింది. కోర్టుకే దిక్కు లేనప్పుడు మన అటక ఏపాటి?

ప్రశ్న: ఫీజు బాకీ ఉందని మా వకీలు ఫైలు ఇవ్వనంటున్నారు. ఇదేం న్యాయం?
- ఒక రైతు, అల్లూరు

జవాబు: న్యాయం కాదు. ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: ఫీజు రాలేదని పార్టీ ఫైలు పట్టుకునే హక్కు వకీలుకు లేదు. ఆయన బాకీకి ఆయన వేరే దావా వేసుకోవచ్చు. లిఖితపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. అయితే ఫీజు ఎగ్గొట్టమని మాత్రం ఆ తీర్పు చెప్పలేదు.

ప్రశ్న: అన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకుని ఒరిజినల్స్ పారేస్తే?
- ఒక జూనియర్, నెల్లూరు

జవాబు: మీ సీనియర్‌తో ఈ మాట అనకండి.

ప్రశ్న: మా నాయన దావాలో వేసిన క్రయపత్రం వకీలు ఇవ్వలేదు. కేసు ఎప్పుడో గెలిచాం. ఆయన మింగేశాడా?
- ఒక పాఠకురాలు, విడవలూరు

జవాబు: నిందించే ముందు జడ్జిమెంటు చివర ఎగ్జిబిట్ల పట్టిక చూడమ్మా. అందులో ఉంటే పత్రం కోర్టులోనే ఉంటుంది. అప్పీలు గడువు దాటాక పిటిషన్ వేస్తే తిరిగిస్తారు. కోర్టులు కూడా పాత రికార్డులను ఎల్లకాలం ఉంచవు కాబట్టి ఆలస్యం వద్దు. పట్టికలో లేకపోతే అప్పుడు వకీలును అడుగు. ఇకమీదట ఏ వకీలుకు కాగితమిచ్చినా రశీదు తీసుకో. రశీదు అడిగితే కోపగించుకునే వకీలు నీకు అక్కర్లేదు.