అరగంటకే ఆగిపోతున్న పాత మినీ ట్రాక్టర్

ప్రశ్న: మల్బరీ తోటలో అంతరసేద్యానికి పాత డీజిల్ మినీ ట్రాక్టర్ కొన్నాను. పొద్దున బాగానే స్టార్టవుతుంది. రోటవేటర్ వేసి అరగంట తోలేసరికి డీలాపడి ఆగిపోతోంది. కాసేపాగితే మళ్లీ నడుస్తోంది. హిందూపురం మెకానిక్ ఇంజను బోరుకొచ్చిందంటున్నాడు. విప్పించమంటారా?
– ఒక రైతు, పెనుకొండ

జవాబు: ఇప్పుడే విప్పించకండి. బోరు అరిగితే పొద్దున చల్లగా ఉన్నప్పుడే స్టార్టింగ్ మొరాయిస్తుంది, ఆయిలు తగ్గుతుంది, నీలిపొగ వస్తుంది. మీరు చెప్పిన తీరు చూస్తే డీజిల్ సరిగా అందడం లేదనిపిస్తోంది.

బండి డీలాపడగానే ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చి ఇంజను తేరుకుంటే, మూతలోని గాలి రంధ్రం పూడినట్టే. సన్నతీగతో పొడిచి శుభ్రం చేస్తే చాలు.

తేరుకోకపోతే ట్యాంకు అడుగు జాలీ కడిగి, డీజిల్ ఫిల్టరు మార్చండి. ఆపైన ఎయిర్ తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించండి. పంపు దగ్గరా అంతే. కింద డబ్బా పెట్టడం మరవొద్దు. డీజిల్ పడిన ఆకు పట్టుపురుగులకు పనికిరాదు.

నల్లపొగ కూడా ఉంటే ఎయిర్ క్లీనర్ చూడండి. ధర్మవరం వైపు ఎండాకాలపు దుమ్ములో దాన్ని రోజూ చూసుకోవాలి. వేడి మీటరు ఎరుపులోకి వెళ్తుంటే రేడియేటర్ సంగతి తేల్చండి.

ఇవన్నీ చేసినా ఆగితే కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఆ రీడింగు చూశాకే బోరు పనికి ఒప్పుకోండి.