అద్దె ఇంట్లో ఉంటున్నారా? పీఎంఏవై పట్టణ 2.0లో మీ దారి ఏది?

పని దొరికే చోట అద్దె ఎక్కువ. అద్దె తక్కువ ఉన్న చోటుకి వెళ్తే ఆటో ఛార్జీలు ఎక్కువ. ఇలా నలిగిపోయే కుటుంబాల కోసం ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 పథకం 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్లై చేసే ముందు ఇది ఒకసారి చదవండి.

ఎవరు అర్హులు?
• ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్, 3 నుంచి 6 లక్షలైతే ఎల్ఐజీ, 6 నుంచి 9 లక్షలైతే ఎంఐజీ.
• భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు: వీరిలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. సొంతూళ్లో మీ పేరున ఉన్న పక్కా ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది.
• గత 20 ఏళ్లలో ప్రభుత్వ ఇంటి పథకం లబ్ధి పొంది ఉండకూడదు.

నాలుగు దారులు
1. సొంత స్థలం ఉన్న ఈడబ్ల్యూఎస్ వారికి ఇల్లు కట్టుకోవడానికి సాయం. మన రాష్ట్రాల్లో కేంద్రం వాటా 1.50 లక్షలు, రాష్ట్రం వాటా కనీసం 1 లక్ష. పని జరిగిన దశను బట్టి డబ్బు పడుతుంది.
2. స్థలం లేని ఈడబ్ల్యూఎస్ వారికి ప్రభుత్వ భాగస్వామ్యంతో కట్టే ఫ్లాట్లు. సాయం పోగా మిగతా ధర మీరే కట్టాలి.
3. కొనుక్కోలేని వారికి, వలస కార్మికులకు, ఉద్యోగం చేసే మహిళలకు తక్కువ అద్దె ఇళ్లు. మీ టౌనులో ఉన్నాయా అని మున్సిపల్ ఆఫీసులో అడగండి.
4. హోమ్ లోన్ వడ్డీ రాయితీ. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, మొత్తం 1.80 లక్షల వరకు, 5 వార్షిక వాయిదాల్లో లోన్ ఖాతాకే జమ అవుతుంది.

లోన్‌కి ముందు ఈ లెక్క వేసుకోండి
నెలకు 18,000 సంపాదన, 6,000 అద్దె ఉన్న కుటుంబం అనుకుందాం. 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 12 ఏళ్లయితే నెలవాయిదా సుమారు 9,100. అంటే సంపాదనలో సగం. రాయితీ ఏడాదికోసారి పడుతుంది, వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. ఇల్లు చేతికి వచ్చేదాకా అద్దె కూడా తప్పదు. ఇలాంటి వారు ముందు 1, 2, 3 దారులు చూసుకోవడం మంచిది.

దగ్గర పెట్టుకోవలసినవి
ఇంట్లో అందరి ఆధార్, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం, స్థలం ఉంటే దాని కాగితాలు.

ఇల్లు ఇప్పిస్తామంటూ వచ్చే దళారులకు ఒక్క రూపాయి ఇవ్వకండి. అప్లై చేశాక వచ్చే నంబరు రాసి పెట్టుకోండి.