వారి కథ వారి నోటనే విందాం



అమెరికాలో నల్లజాతివారు పడిన బాధలు మనకు కొంతవరకు తెలుసు. బడిలో అబ్రహాం లింకన్ పాఠం చదివాం. హారియట్ బీచర్ స్టో 1852లో వెలువరించిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ కథ కొందరైనా విని ఉంటారు. అయితే ఒక సంగతి గమనించండి. లింకన్ తెల్లవాడు, స్టో కూడా తెల్లజాతి స్త్రీయే. ఆమె మంచి మనసుతోనే రాసింది, కాదనలేం. కానీ దెబ్బ తిన్నవాడు చెప్పే మాట వేరు, ఆ దెబ్బ చూసి జాలిపడినవాడు చెప్పే మాట వేరు. జాలితో రాసిన కథలో బాధితుడు ఎప్పుడూ ఓర్పుగల మంచివాడుగానే కనిపించాలి. తన కథ తానే రాసుకొనేవాడికి ఆ నిర్బంధం లేదు. కోపం వస్తే కోపం వచ్చిందనే రాస్తాడు. అందుకే ఈ వారం నల్లజాతి రచయితల పుస్తకాలను మీకు పరిచయం చేస్తున్నాం.

తెలుగువారికి దగ్గరలో ఉన్న పుస్తకం ‘ఏడు తరాలు’. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ను సహవాసి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ప్రచురించారు. ఆఫ్రికాలోని గాంబియాలో జుఫూరే అనే పల్లెకు చెందిన కుంటా కింటే డోలు చేసుకోవడానికి కర్ర కోసం అడవికి వెళ్లి పట్టుబడతాడు. అమెరికాలో అతని పేరు కూడా మార్చేస్తారు. దీనిని నవలగానే చదవండి. అందులోని వంశవృక్షానికి గట్టి ఆధారాలు లేవని చరిత్రకారులు చూపించారు. మరొక రచయిత పుస్తకంలోని భాగాలు ఇందులో ఉన్నాయన్న వ్యాజ్యం 1978లో రాజీతో ముగిసింది. అయినా మొదలుపెట్టడానికి మంచి పుస్తకమే. అక్కడితో ఆగిపోకండి.

ఆ తరువాత ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ చదవండి. ఇది 1845లో వచ్చిన చిన్న పుస్తకం. డగ్లస్ మేరీలాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. బాల్టిమోర్ నగరంలో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్త అడ్డుపడ్డాడు. చదువు వస్తే బానిస ఇక బానిసగా పనికిరాడన్నాడు. పక్కనే నిలబడి విన్న ఆ కుర్రవాడికి తన విడుదలకు దారి ఏదో అప్పుడే అర్థమైంది. ఇంటి నుండి రొట్టె తీసుకువెళ్లి వీధిలోని పేద తెల్ల పిల్లలకు పెట్టి, బదులుగా వారి వద్ద చదవడం నేర్చుకొన్నాడు. 1838లో తప్పించుకొన్నాడు. అతని ఉపన్యాసాలు విన్నవారు, ఇంత బాగా మాట్లాడేవాడు బానిసగా ఉండి ఉంటాడా అని సందేహించారు. వారికి జవాబుగా యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు అన్నీ బయటపెట్టి పుస్తకం రాశాడు. దానితో మళ్లీ పట్టుబడే ప్రమాదం వచ్చింది. ఐర్లండు, ఇంగ్లండు దేశాలకు వెళ్లవలసి వచ్చింది. అక్కడి మిత్రులు సొమ్ము పోగుచేసి అతని స్వేచ్ఛను కొన్నారు.

క్రైస్తవ కుటుంబాలు ఈ పుస్తకంలో తప్పక చదవవలసిన భాగం మరొకటి ఉంది. డగ్లస్ యజమానులలో ఒకడు 1832లో మతకూటానికి వెళ్లి భక్తిపరుడయ్యాడు. ఇక దయ చూపుతాడని డగ్లస్ ఆశపడ్డాడు. అలా జరగలేదు, క్రూరత్వం ఇంకా పెరిగింది. అవిటిదైన ఒక యువతిని కొరడాతో కొడుతూ వేదవాక్యం పలికేవాడు. పుస్తకం చివర డగ్లస్ ఒక వివరణ చేర్చాడు. తాను ద్వేషించేది క్రీస్తు మార్గాన్ని కాదనీ, బానిసలను కొనుక్కొంటూ ఆ పేరు పెట్టుకొన్న మతాన్ననీ స్పష్టం చేశాడు.

ఇది మరెవరి సంగతో అనుకోకండి. డగ్లస్ తప్పించుకొన్న ఆ 1838లోనే, ఆ మేరీలాండ్‌లోనే, యేసు సభ గురువులు తమ వద్దనున్న 272 మంది బానిసలను లూసియానా తోటల యజమానులకు అమ్మివేశారు. ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కళాశాల అప్పులకు పోయింది. 2017లో యేసు సభ, ఆ విశ్వవిద్యాలయం బహిరంగంగా క్షమాపణ కోరాయి. బానిసగా పుట్టిన అగస్టస్ టోల్టన్‌ను అమెరికాలో ఏ గురువిద్యాలయమూ చేర్చుకోలేదు. ఆయన రోముకు వెళ్లి చదువుకొని 1886లో అక్కడే గురుపట్టం పొందారు. 2019లో శ్రీసభ ఆయనను ‘పూజ్యులు’గా ప్రకటించింది. ఈ చరిత్రను నల్లజాతి బెనెడిక్టైన్ మఠవాసి సిప్రియన్ డేవిస్ 1990లో అమెరికా నల్ల కథోలికుల చరిత్రగా గ్రంథస్థం చేశారు. ఆంగ్లం చదవగలిగిన ఉపదేశులకు, మఠకన్యలకు ఇది ఉపయోగపడుతుంది.

టోనీ మోరిసన్ పన్నెండో ఏట కథోలిక శ్రీసభలో చేరారు. పాదువాపురి అంతోనివారి పేరు తీసుకొన్నారు. ‘టోనీ’ ఆ పేరులోనిదే. 1993లో నోబెల్ బహుమతి పొందారు. ఆమె మొదటి నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’ 1970లో వచ్చింది. తనకు నీలికళ్లు ఉంటే అందరూ ప్రేమిస్తారని నమ్మి వాటి కోసం ప్రార్థించే నల్లపిల్ల కథ అది. ఇంటిలోనే జరిగిన అత్యాచారం అందులో ఉంది కనుక చిన్న పిల్లలకు ఇవ్వవద్దు, పెద్దలు చదవండి. చదివాక మన పెండ్లి ప్రకటనల్లో ‘తెల్లని వధువు కావలెను’ అన్న మాటను మరొకసారి చూడండి. పురిటిగదిలో బిడ్డ రంగు చూసి నిట్టూర్చే బంధువులు మనలో లేరా?

మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ చెరసాల నుండి రాసిన లేఖ కూడా చదవండి. ఒక పూటలో అయిపోతుంది. నిరసనలు ఆపి ఓపిక పట్టమన్న ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దలకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఆ ఎనిమిదిమందిలో జోసెఫ్ డ్యూరిక్ అనే కథోలిక సహాయ పీఠాధిపతి ఒకరు. తరువాతి సంవత్సరాలలో ఆయనే టెన్నెసీలో నల్లవారి హక్కుల పక్షాన నిలబడ్డారు.

ఇదే కింగ్ 1959లో మన దేశానికి వచ్చారు. తిరువనంతపురంలో ఒక బడికి వెళ్లినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు పిల్లలకు ఆయనను అమెరికా నుండి వచ్చిన అంటరానివాడని పరిచయం చేశాడు. కింగ్ మొదట నొచ్చుకొన్నారు. కాసేపు ఆలోచించి, అవును, నేను అంటరానివాడినే అనుకొన్నారు. ఆయన అంగీకరించిన ఆ పోలిక మన విచారణలకూ వర్తిస్తుంది. ఒకప్పుడు మఠకన్యగా ఉన్న తమిళ రచయిత్రి బామ 1992లో ‘కరుక్కు’లో శ్రీసభలోని కులవివక్షను రాసింది. తెలుగులో కల్యాణరావు ‘అంటరాని వసంతం’ ఉంది. మన దేశ పీఠాధిపతులు కూడా 2016లో వెలువరించిన దళిత విధాన పత్రంలో ఈ వివక్ష సంఘంలో ఉన్నదని ఒప్పుకొన్నారు.

ఇంట్లో కలిసి చదవాలనుకొంటే ఒక పద్ధతి చెబుతాం. రాత్రి జపమాల అయ్యాక డగ్లస్ పుస్తకంలో ఒక్కొక్క అధ్యాయం ఎవరైనా బిగ్గరగా చదవండి, ఆంగ్లం రానివారికి పిల్లలు తెలుగులో చెప్పవచ్చు. చదివాక వెంటనే ‘పాపం’ అనేసి ముగించకండి. అక్కడి యజమాని, యజమానురాలు, ఊరి గురువు ఏమనుకొని ఉంటారో మాట్లాడుకోండి. అమెరికాలో ఉన్న కొడుకో, కూతురో ఫోను చేసినప్పుడు, అక్కడ తమకు ఎదురైన చూపుల గురించి ఒకసారి అడగండి. అక్కడి నల్లవారిని తాము ఎలా చూస్తున్నారో కూడా అడగండి.