సంవత్సరానికొక మాట

మన కళాశాలలో సంవత్సరం నాలుగుసార్లు మొదలవుతుంది. జనవరి ఒకటిన గోడమీది క్యాలెండరు మారుతుంది. చైత్ర శుద్ధ పాడ్యమినాడు ఉగాది వస్తుంది. మొహర్రం నెలవంకతో హిజ్రీ సంవత్సరం ప్రవేశిస్తుంది. వేసవి సెలవుల పిమ్మట హాజరుపట్టీలో కొత్త పేర్లు ఎక్కిననాడు విద్యాసంవత్సరం ఆరంభమవుతుంది. ఇన్ని ఆరంభాలున్నా మనలో పెక్కుమందికి ఒక్కటీ ఆరంభంగా తోచదు. తారీఖు మారుతుంది, మనం మారము. ఈ విషయమై మా తరగతిలో జరిగిన ఒక పాఠాన్ని ఇక్కడ వ్రాయదలచాము.

'తారీఖు' అనే మాటతోనే మొదలుపెడదాము. తెలుగులో దీనికి దినసంఖ్య అనే అర్థమే మిగిలింది. ఉర్దూలో తారీఖ్ అంటే దినమూ, చరిత్రా కూడా. మూడవ అర్థం ఒకటి కలదు. ఒక సంఘటన జరిగిన సంవత్సరాన్ని తనలో దాచుకొన్న మాటను కూడా తారీఖ్ అనే అంటారు. అరబ్బీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉన్నది. అలిఫ్ ఒకటి, బే రెండు, జీమ్ మూడు. ఇట్లా పెరుగుతూ గైన్ వద్దకు వచ్చేసరికి వేయి అవుతుంది. ఈ లెక్కకు అబ్జద్ అని పేరు. అక్షరాల విలువలు కూడితే కోరిన సంవత్సరం రావాలి. ఆ మాట సందర్భానికి తగినదై కూడా ఉండాలి. ఈ రెండవ నియమమే కష్టమైనది. అందమంతా కూడా అందులోనే ఉన్నది.

1591 అక్టోబరులో హిజ్రీ వేయవ సంవత్సరం ప్రవేశించింది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా తన కొత్త నగరం నడుమ చార్మినార్‌ను నిలిపిన కాలమది. దానిని ఎందుకు కట్టించినాడన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అయితే ఆ సంవత్సరానికి చెప్పుకొనే తారీఖ్ మాత్రం 'యా హాఫిజ్'. యే పది, అలిఫ్ ఒకటి, బడీ హే ఎనిమిది, మరల అలిఫ్ ఒకటి, ఫే ఎనభై, జోయ్ తొమ్మిది వందలు. కూడి చూడండి, సరిగా వేయి. 'ఓ రక్షకా' అని ఆ మాటకు అర్థం. కొత్తగా ఇండ్లు కట్టుకొంటున్న ఒక ఊరికి అంతకంటె తగిన మాట ఏమి దొరుకుతుంది? మేము ఎం.ఏ. చదివిన రెండేండ్లూ ఆ కట్టడం పక్కనే బస్సు మారేవారము. ఒక్కనాడూ తలయెత్తి చూచిన గుర్తు లేదు. ఈ లెక్క తెలిసిన తరువాతనే చూచాము.

ఇది ఉర్దూవారి విద్య, మనకెందుకని తెలుగు విద్యార్థులు అనుకోనక్కరలేదు. మన శాసనాలలోనూ కావ్యాలలోనూ శకవర్షాన్ని మాటలలో చెప్పే భూతసంఖ్యా పద్ధతి ఉన్నది. 1591 నాటికి శాలివాహన శకం 1513. దానిని 'అగ్ని, చంద్ర, బాణ, భూమి' అని చెప్పవచ్చు. అగ్నులు మూడు, చంద్రుడొకడు, మన్మథుని బాణాలైదు, భూమి ఒకటి. ఒకట్ల స్థానం నుండి లెక్క మొదలవుతుంది కనుక అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకోవాలి. ఈ మాట చెప్పినప్పుడు మా ఉర్దూ విద్యార్థులకు ఏ వింతా కలుగలేదు!

ఇక అసలు విషయం. హిజ్రీ శకాన్ని రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ కాలంలో స్థిరపరచారు. లెక్కకు మొదలుగా ప్రవక్త జన్మను తీసుకొనవచ్చును, తీసుకొనలేదు. మక్కా నుండి మదీనాకు వలస వెళ్లిన సంవత్సరాన్ని తీసుకొన్నారు. పుట్టుక మన చేతిలో లేనిది. ప్రయాణమో, నిశ్చయించుకొని బయలుదేరేది. దీనినే మనవారు నియ్యత్ అంటారు. అది హృదయంలో ఉండవలసినది. తెలుగువారి పూజలో సంకల్పం చెప్పేటప్పుడు సంవత్సరం పేరు, ఋతువు, మాసం, తిథి వరుసగా పలుకుతారు. ఎక్కడ, ఎప్పుడు నిలిచి ఉన్నామో ఎరిగి పని ఆరంభించడమన్నమాట. ఈ రెండు మాటల మధ్య దూరం మన విద్యార్థులు తలచేటంత ఎక్కువ కాదని మా అభిప్రాయం.

2025 జూన్ నెలాఖరున హిజ్రీ 1447 మొదలయింది. ఆ వారం తరగతిలో ఎవరి సంవత్సరానికి వారు ఒక మాట వెదకి తెమ్మన్నాము. కొందరు లెక్క కుదిరినా అర్థం లేని మాటలు తెచ్చారు. కొందరివి మంచి మాటలే, లెక్క కుదరలేదు. మాట కావాలంటే ముందుగా ఈ సంవత్సరం దేనికోసమో తేల్చుకోవాలి గదా. చాలామంది అక్కడనే ఆగిపోయారు.

మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకామె నల్లబల్ల మీద 'ఘర్ కా చిరాగ్' అని వ్రాసింది. ఇంటి దీపం. ఉర్దూ ఇండ్లలో ఈ మాట సాధారణంగా కొడుకునుద్దేశించి అంటారు. తరగతిలో చిన్న నవ్వు పుట్టింది. ఆమె పట్టించుకొనక కూడింది. గాఫ్‌కు కాఫ్ విలువ, చేకు జీమ్ విలువ వేసుకోవాలని కూడా ఎరిగియున్నది. ఘర్ 225, కా 21, చిరాగ్ 1204. మొత్తం 1450.

"మూడు ఎక్కువ వచ్చిందమ్మా," అన్నాము. ఎక్కువైనదానిని తగ్గించుకొనే ఉపాయం కూడా ఈ విద్యలో ఉన్నది, తామియా అంటారు, అది చెప్పబోయాము.

"తగ్గించకండి సార్. 1450లో నా డిగ్రీ పూర్తవుతుంది," అన్నది.

ఆమె లెక్క సరియే. 2028 మే చివరలో హిజ్రీ 1450 ప్రవేశిస్తుంది. ఇంటి పెద్దలు ఆమెను ఒక్క సంవత్సరానికే పంపారనీ, తరువాతి సంగతి ఫీజును బట్టి చూద్దామన్నారనీ మాకు పిమ్మట తెలిసింది. ఇది ఆమె అనుమతితోనే, పేరు లేకుండా వ్రాస్తున్నాము. రెండవ సంవత్సరపు ఫీజు వేసవి సెలవులు కాగానే కట్టవలసి ఉంటుంది. ఈ పుటను కళాశాల కమిటీ పెద్దలు కూడా చదువుతారని మాకు తెలుసును.