బంతి కోసం మొరిగేది

చిరంజీవి చిన్నోడికి,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి "వాడికి కుక్కల డ్యూటీ పడిందట అన్నయ్యా" అన్నాడు, ఏదో వినకూడని కబురు విన్నట్టు. బంధువుల్లో చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉందని అర్థమైంది. పద్నాలుగేళ్లు నేను చేసింది ఆ పనేనని, శిథిలాల్లో మనుషుల్ని కుక్కలతో వెతకడమేనని గుర్తు లేదు కాబోలు. రాత్రి నాకు నిద్ర పట్టలేదురా, సంతోషంతో.

పత్రికలవాళ్లు జాగిలం అంటారు. నువ్వు కుక్క అనే అను.

గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్ శిక్షణ కేంద్రంలో మీకు మొదట నేర్పేది దాగుడుమూతలే. ఒకడు బంతి చూపించి ఊరించి, కుక్క చూస్తుండగానే పరిగెత్తి గోడ వెనక నక్కుతాడు. అది వెళ్లి పట్టుకుని మొరిగితే బంతి దానిది, కాసేపు లాగులాట. తర్వాత అది చూడకుండా దాక్కుంటాడు. ఆ తర్వాత మూత వేసిన పీపాలో, చివరికి కాంక్రీటు ముక్కల గుట్ట కింద. ప్రాణం కాపాడుతున్నానని కుక్కకేం తెలుసు, దానికి బంతి కావాలి. అందుకే కుక్కపిల్లను ఎంచేటప్పుడు జాతి ఒక్కటే చూడరు. బంతి గడ్డిలో పడి కనబడకపోతే ఎంతసేపు వెతుకుతుందో చూస్తారు. రెండు నిమిషాలకే విసుగొచ్చి తోకాడిస్తూ వచ్చేసే పిల్ల ఎవరింట్లోనో హాయిగా బతుకుతుంది. మనకు పనికిరాదు.

కుక్క నేర్చుకోవడంలో పెద్ద కష్టం లేదు. కష్టమంతా నీ దగ్గరుంది.

నా మొదటి కుక్క రాణి, లాబ్రడార్. ప్రాక్టీసులో ఎప్పుడూ తప్పేది కాదు, నేను ఊళ్లో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు మా ట్రైనర్, మనిషిని ఎక్కడ దాచిందీ నాకు చెప్పకుండా వెతకమన్నాడు. నేనొక చోట ఆగాను, బూటు లేసు ఊడితే కట్టుకోవడానికి. రాణి వచ్చి నా పక్కనే నిలబడి గట్టిగా మొరిగింది. అక్కడ ఎవరూ లేరు. ఇంకోచోట ఆగాను, అక్కడా మొరిగింది. అప్పుడు తెలిసింది, అన్ని నెలలూ అది వెతికింది మనుషుల్ని కాదు, నన్ను. దాక్కున్న చోటు నాకు ముందే తెలియడంతో అక్కడికి రాగానే నా నడక నెమ్మదించేది, ఊపిరి బిగబట్టేవాణ్ణి. అది నా కాళ్లు చదివి బంతి సంపాదించుకునేది. తప్పు దానిది కాదు, తెలివైన పనే చేసింది. ఆ అలవాటు మాన్పించడానికి నేర్పిన కాలం కన్నా ఎక్కువ పట్టింది.

కాబట్టి దాక్కునేవాణ్ణి చోటు చెప్పొద్దను. నీ పక్కన నిలబడి చూసేవాడికి కూడా తెలియకూడదు, వాడి కళ్లు అటు పోతాయి. అప్పుడప్పుడు ఎవరినీ దాచకుండా ఖాళీ గుట్ట మీద వెతికించు. ఏమీ దొరకలేదని మొరగకుండా తిరిగి రావడం కూడా అది నేర్వాలి. జాలిపడి ఊరికే బంతి ఇచ్చావంటే చెడగొట్టేది నువ్వే.

ఇక గాలి సంగతి. పెంకుటింట్లో పొయ్యి వెలిగిస్తే పొగ సరిగ్గా పొయ్యి నెత్తిన బయటికి వస్తుందా? చూరు కింద ఎక్కడో సందులోంచి వస్తుంది. కూలిన భవనంలో మనిషి వాసనా అంతే. ఈ మూల చిక్కుకున్నవాడి వాసన సందులు పట్టుకుని పాకి ఆ మూల తేలుతుంది. కుక్క మొరిగింది కదా అని అక్కడే గునపం దించకు. జేబులో పౌడర్ డబ్బా పెట్టుకో, చిటికెడు వదిలితే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. రెండో కుక్కను ఇంకోవైపు నుంచి వదలాలి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి మన జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వెళ్లినప్పుడు గాజియాంటెప్ ప్రాంతంలోని నూర్దగీలో అదే చేశారు. ముందు జూలీ మొరిగింది, తర్వాత రోమియో వచ్చి అక్కడే మొరిగింది. ఆరేళ్ల పాప ప్రాణాలతో బయటపడింది.

శిథిలాల మీద వదిలేటప్పుడు మెడ పట్టీ తీసెయ్. ఊచకి తగులుకుంటే ఉరే. ఎండలో రొప్పే కుక్క నోటితో గాలి పీలుస్తుంది, ముక్కు పని తగ్గుతుంది, కాబట్టి మన రోహిణి కార్తెలో ప్రాక్టీసు తెల్లవారక ముందే అయిపోవాలి. నీళ్లు ఎక్కువ పెట్టు, వంతులు చిన్నవి చెయ్.

బతికున్నవాళ్లను వెతికే కుక్క వేరు, మృతదేహాల కుక్క వేరు. 2025 ఫిబ్రవరి 22న మన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు బురద, ఊటనీరు, యంత్రం ముక్కల మధ్య కేరళ పోలీసుల కుక్కల్ని తెప్పించారు. అవి చూపిన చోట తవ్వితే మార్చి 9న తొలి దేహం దొరికింది. ఆ ఇంటివాళ్లకు అదీ కావాలి. ప్రాణంతో తీసుకొస్తేనే పని అనుకోకు.

ఒక్కోసారి రోజుల తరబడి ఎవరూ దొరకరు. కుక్క డీలాపడుతుంది, తోక దించేస్తుంది. 2001లో న్యూయార్క్ జంట టవర్లు కూలినప్పుడు అక్కడి హ్యాండ్లర్లు తమలోనే ఒకరిని దాచి, కుక్క కనిపెట్టేలా చేసి, బంతి ఇచ్చి ఆడించారు. నువ్వూ అలాగే చెయ్. మరి నిన్ను ఆడించేదెవరంటావా, సాయంత్రం ఇంటికి ఫోన్ చెయ్. ఏం చూశావో అమ్మకు చెప్పకు, నాకు చెప్పు.

రాణి రిటైరయ్యాక మనింటి అరుగు మీదే ఉండేది, నువ్వప్పుడు చిన్నవాడివి. వీధి పిల్లలు దాగుడుమూతలాడుతుంటే గడ్డివాము వెనక నక్కినవాణ్ణి పసిగట్టి మొరిగేది. ఆట చెడగొడుతోందని అందరూ వచ్చి నాకు ఫిర్యాదు. అలా ఏడుస్తూ వచ్చినవాళ్లలో నువ్వొకడివి.

బంతులు రెండు కొని పార్సెల్ చేశాను. ఒకటి మొదటి వారంలోనే కాలవలో పడిపోతుంది.

మీ పెదనాన్న